పచ్చ తివాచీ, ఎర్ర బంతి

ఇటు జరగండర్రా, మంటకి దగ్గరగా. చిన్నాడా, ఆ ఎండుకొమ్మ కాస్త ఎగదోయ్. పొద్దున టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ "తాతయ్యా, మీ రోజుల్లో ఏ జట్టు గొప్పది?" అని అడిగావు కదా, చెబుతా విను. మీరెవరూ పేరైనా విననిది. న్యూయార్క్ ఏరోస్.

అప్పుడు మేం లాంగ్ ఐలాండ్‌లో అద్దెకుండేవాళ్లం. యూనియన్‌డేల్‌లో నాసో కొలీజియం అని పెద్ద భవనం. మంచు హాకీ ఆడే చోటే పచ్చ తివాచీలా ఉత్తుత్తి గడ్డి పరిచి ఫుట్‌బాల్ ఆడించేవాళ్లు. గోలీతో కలిపి జట్టుకి ఆరుగురే. పావుగంట చొప్పున నాలుగు విడతలు. బంతి తెల్లది కాదురా, ఎర్రది! చుట్టూ చెక్కగోడ, పైన గాజులాంటి పలక. గోడకి కొట్టుకున్న బంతి ధన్‌మని తిరిగొచ్చేది, ఆట ఆగేదే కాదు. ఓసారి సరిగ్గా నా మొహం ముందే పలకకి తగిలితే, ఉలిక్కిపడి చేతిలో కాఫీ అంతా ఒళ్లో ఒంపుకున్నా.

1978 డిసెంబరు 22న ఏరోస్ ఆడిన ఇండోర్ లీగుకే మొదటి ఆట అక్కడ జరిగింది. సిన్సినాటి కిడ్స్‌ని మనవాళ్లు 7-2తో ఓడించారు. ఆ తర్వాత 1982 దాకా వరసగా నాలుగు కప్పులూ ఏరోస్‌వే. పేలేతో కలిసి కాస్మాస్ జట్టుకి ఆడిన షెప్ మెస్సింగే మన గోలీ.

కానీ అసలు ముచ్చట స్టీవ్ జుంగుల్‌ది. యుగోస్లావియావాడు, అక్కడి హైదుక్ స్ప్లిట్ జట్టులో పేరు మోసిన ఆటగాడు. దేశం విడిచి వచ్చేశాడని ఫిఫా ఆంక్ష పెట్టింది. ఆరుబయట మైదానాలన్నీ మూసుకుపోయాయి, పాపం. ఆ ఆంక్ష చెల్లనిది ఈ నాలుగు గోడల ఆట ఒక్కటే. ఇక్కడ విజృంభించాడు చూడండీ, 1980-81లో ఒక్క సీజన్‌లోనే 108 గోల్స్! నా డిగ్రీకి తగ్గ కొలువు దొరక్క నేను గోడౌన్‌లో చిట్టాలు రాసుకుంటున్న రోజులవి. అంతటివాడే కొత్త చోట మొదటినుంచి మొదలుపెట్టాడు కదా అని, ఆట చూసి ఇంటికొస్తుంటే గుండె గట్టిపడేది.

1983 మొదట్లో అతన్ని కాలిఫోర్నియా జట్టుకి ఇచ్చేశారు. ఆ వార్త విన్న పూట నాకు అన్నం సయించలేదు. మరుసటేడే ఏరోస్ దివాలా తీసింది. అదే పైకప్పు కింద ఆడిన హాకీ జట్టు ఐలాండర్స్ కూడా 1980 నుంచి నాలుగేళ్లు వరసగా తన ఆటలో కప్పు గెలిచింది. వాళ్లని ఇప్పటికీ తలుచుకుంటారు. ఏరోస్‌ని ఎవరూ తలవరు. అదే నా బాధ.

అప్పట్లో మీ నాన్నకి ఓ ఎర్ర బంతి కొనిచ్చా. పొద్దస్తమానం హాల్లో గోడకేసి తన్నేవాడు. కింద అద్దెకున్న ముసలాయన చీపురు కర్రతో సీలింగు పొడిచేవాడు. "జుంగుల్ రా, ఇంకొక్కటి కొట్టు" అని మెల్లిగా చెప్పేవాణ్ణి నేను.