పరాన్నజీవుల భ్రమ

ఒంటిమీదో చర్మం కిందో పురుగులు పాకుతున్నాయని, ఏ పరీక్షలోనూ ఏమీ దొరక్కపోయినా, గట్టిగా నమ్మడమే పరాన్నజీవుల భ్రమ. 1894లో ఫ్రెంచి చర్మవైద్యుడు జార్జ్ తిబియెర్జ్ దీన్ని గజ్జిపురుగు భయంగా లెక్కగట్టాడు. ఆ లెక్క నిలవలేదు. భయస్తుడికి తన భయం అతి అని లోలోపల తెలుసు, ఈ రోగులకు అనుమానమే ఉండదు. 1938లో స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఎక్‌బామ్ దీన్ని భ్రమగానే వర్ణించడంతో జబ్బుకు ఆయన పేరు స్థిరపడింది.

పురుగు అబద్ధమైనా దురద నిజం. ఈ రెంటినీ విడదీయడం నేర్చుకోవడమే ఈ జబ్బు చరిత్ర. మధుమేహం, బి12 లోపం, కొకెయిన్, ఎండిన చర్మం, ఏవైనా ఒంటిమీద ఏదో పాకినట్టు అనిపించేలా చేస్తాయి. దానికి మనసు అల్లిన వివరణే పురుగు. రోగులు గీరి తీసిన పొట్టు, దారప్పోగులు సాక్ష్యంగా అగ్గిపెట్టెలో తెచ్చేవారు. వైద్యులు దాన్నే 'అగ్గిపెట్టె గుర్తు' అన్నారు. ఇప్పుడు ఫోన్లో ఫొటోలు కూడా చూపిస్తున్నారు. చర్మంలోంచి నూలుపోగులు వస్తున్నాయన్న 'మార్గెలాన్స్' వాదంపై అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ 115 మందిని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. పరాన్నజీవి దొరకలేదు. పోగుల్లో ఎక్కువ భాగం బట్టల నుంచి వచ్చిందనిపించే పత్తే.

నిజంగానే పురుగులుంటేనో? న్యాయమైన ప్రశ్నే. గజ్జి మన దగ్గర మామూలు జబ్బు. హైదరాబాదు కోకాపేట టవర్ల బాల్కనీల్లో పావురాలు గూడు కడితే, వాటి ఒంటిమీది సూక్ష్మ పురుగులు మనుషుల్నీ కుడతాయి. కట్టడాల దుమ్ముకూ ఒళ్ళు దురద పెడుతుంది. కనుక చర్మం, రక్తం పరీక్షించకుండా భ్రమ అని తేల్చడం తప్పు. అన్నీ చూశాక కూడా నమ్మకం సడలకపోతే, పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పదేపదే పిలిపించి లాభం లేదు. మందే కావాలి. 1970లలో పిమోజైడ్ అనే మానసిక రోగాల మందు మంచి ఫలితమిచ్చింది. గుండె లయకు దానితో ముప్పు ఉన్నందున తర్వాత రిస్పెరిడోన్ వంటివి వాడుకలోకి వచ్చాయి.

మానసిక రోగులకిచ్చే మందులిస్తే పిచ్చివాడనే ముద్ర వేసినట్టు కాదా అన్న అభ్యంతరం హైదరాబాదులో మరీ బరువైనది. మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరెత్తితేనే తిట్టుగా తీసుకునే ఊరిది. అందుకే రోగి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడు, చర్మవైద్యుడి గడపే తొక్కుతాడు. వైద్యం అక్కడే, ఇద్దరు డాక్టర్లూ కలిసి మొదలుపెట్టడం మేలు. రోగి తెచ్చిన పొట్లాన్ని డాక్టరు మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. ఇంట్లోవాళ్ళు పురుగు ఉందని ఒప్పుకోనక్కర్లేదు, లేదని పోట్లాడనూ వద్దు. దురద తగ్గించే మందు ఇదని చెప్పి, మానకుండా వాడేలా చూడండి.