ఎనిమిది వేళ్ల చెయ్యి

నాలుగు కాళ్ల జంతువుల పుట్టుక గురించి గత శతాబ్దంలో చాలాకాలం ఒకే కథ నడిచింది. డెవోనియన్ యుగంలో కరువులకు మడుగులు ఎండిపోయేవి. గట్టి వాజాలున్న చేపలు మరో మడుగు వెతుక్కుంటూ నేల మీద పాకాయి. పాకగా పాకగా ఆ వాజాలే కాళ్లయ్యాయి. అమెరికన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రోమర్ పేరుతో ప్రచారం పొందిన ఈ వాదం వినడానికి బాగుంటుంది. ఎముకల సాక్ష్యమే తక్కువ.

ఉన్న సాక్ష్యంలో ముఖ్యమైనది ఇక్తియోస్టెగా అనే తొలినాటి నాలుగు కాళ్ల జంతువు శిలాజం. డేనిష్ యాత్ర వెంట తూర్పు గ్రీన్‌లాండ్ వెళ్లిన స్వీడిష్ యువకుడు గున్నార్ సావె-సోడర్‌బెర్గ్ 1931లో దాన్ని సేకరించి, మరుసటి ఏడు వర్ణించాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. 1948లో క్షయ అతన్ని బలి తీసుకుంది. శిలాజాలు అతని సహచరుడు ఎరిక్ యార్విక్ చేతికి వచ్చాయి. యార్విక్ నిదానస్తుడు: ఇక్తియోస్టెగా మీద ఆయన పెద్ద గ్రంథం 1996లో గానీ వెలువడలేదు. 1950లలో ఆయన గీసిన బొమ్మల్లో దాని పాదానికి ఐదు వేళ్లున్నాయి. ఐదు కాక ఇంకెన్ని ఉంటాయన్న ధీమా అప్పట్లో అందరిదీ. అదే ప్రాంతపు మరో జంతువు పుర్రె పైకప్పులకు 1952లో ఆయన ఆకాంథోస్టెగా గున్నారీ అని పేరు పెట్టాడు. పోయిన సహచరుడి పేరు అలా నిలిచింది.

ఆ పుర్రెలకు మొండెం దొరకడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది. కేంబ్రిడ్జ్ భూగర్భశాస్త్ర విద్యార్థి ఒకరు 1970 ప్రాంతంలో రాసుకున్న క్షేత్ర నోట్సు ఆధారంగా శిలాజ శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ బృందం 1987లో గ్రీన్‌లాండ్ వెళ్లింది. తెచ్చిన రాళ్లలోని ఒక అస్థిపంజరానికి బోరిస్ అని ముద్దుపేరు. దాని ముంగాలి చుట్టూ రాతిని ఓపికగా తొలిచి చూస్తే వేళ్లు ఐదు దగ్గర ఆగలేదు, ఎనిమిది తేలాయి. 1990లో మైకేల్ కోట్స్, క్లాక్ ఈ సంగతి ప్రకటిస్తూ ఇక్తియోస్టెగా వెనుక పాదానికి ఏడని కూడా చెప్పారు. రష్యాలో దొరికిన మరో జంతువు టులర్‌పెటాన్‌కైతే ఆరు.

వేళ్ల లెక్కే పత్రికలకెక్కింది గానీ, అసలు విశేషం ఆకాంథోస్టెగా చేతి తీరులో ఉంది. సరైన మణికట్టు లేదు. ముంజేతి రెండు ఎముకల్లో ఒకటి చేపల్లో మాదిరి రెండోదానికంటే చాలా పొడవు. ఒంటి బరువు మోయడానికి ఆ చెయ్యి పనికిరాదు. నీటిని తోసే తెడ్డుగానైతే సరిగ్గా సరిపోతుంది. గొంతులో మొప్పల ఎముకలున్నాయి, వాటి మీద రక్తనాళాలు నడిచిన గాళ్లు ఉన్నాయి. తోకకు వెడల్పాటి వాజం, దానికి చేపకున్నట్టే సన్నని ఎముక పుల్లలు. అరవై సెంటీమీటర్ల ఈ జంతువు బతుకంతా నీళ్లలోనే. అంటే వేళ్లు నేల మీద నడక కోసం వచ్చినవి కావు. రోమర్ కథలో ముందువెనుకలు తారుమారయ్యాయి.

ఇక్తియోస్టెగా సంగతి వేరు. వెడల్పాటి పక్కటెముకలు ఒకదానిమీదొకటి కప్పుకొని, ఛాతీ బిగుసుకుని ఉంటుంది. 2012లో దాని కీళ్ల కదలికను కంప్యూటర్‌లో పరీక్షిస్తే, నాలుగు కాళ్ల మీద మామూలు నడక దానికి అసాధ్యమని తేలింది. కోరింగ మడ అడవుల బురదలో ముందు వాజాలు ఊని ముందుకు గెంతే చేపల్లా కదిలి ఉండాలన్నది పరిశోధకుల ఊహ.

బంధుత్వానికొస్తే, ఈ రెండింటిలో దేన్నీ మన తాతగా చెప్పుకోలేం. కప్పల దారి, సరీసృపాలూ క్షీరదాలూ వచ్చిన దారి విడిపోకముందే మూల కాండం నుంచి పక్కకు సాగిన కొమ్మలివి. ఐదు వేళ్ల నియమం ఆ తర్వాత స్థిరపడింది. ఈ రెండు జంతువుల వయసు సుమారు 36.5 కోట్ల ఏళ్లు. పోలండ్‌లోని జకెల్‌మ్యే క్వారీలో దొరికాయని 2010లో ప్రకటించిన అడుగుజాడలు దాదాపు 39 కోట్ల ఏళ్లనాటివి. అవి కాలి ముద్రలే కావని వాదించేవారూ ఉన్నారు. నిజంగా కాలివే అయితే, ఆకాంథోస్టెగా ఈదేనాటికే కాళ్లు పాతబడ్డాయి.