జర్మనీ దేశమున దంపతుల పన్ను తరగతులు



గడచిన సంక్రాంతికి నా తమ్ముని మనుమరాలు మ్యూనిక్ నగరమునుండి వచ్చి తన జీతపు చీటిని నాకు చూపినది. "తాతయ్యా! పెండ్లికి ముందు ఒకటవ తరగతిలో నుంటిని, ఇప్పుడు అయిదవ తరగతికి దిగితిని" అని నవ్వినది. ముప్పదియైదేండ్లు పిల్లలను తరగతులు దాటించిన నాకు ఆ మాట వింతగా తోచెను. విచారింపగా అది చదువు తరగతి కాదు, ఆదాయపు పన్ను తరగతి. ఎక్కువ జీతగాడగు భర్తది మూడవ తరగతి. అతని జీతమున కోత తక్కువ, ఆమె జీతమున కోత మిక్కుటము. "ఇల్లొకటే కదమ్మా, సొమ్ము ఏ చేతిలో పడిన నేమి?" అంటిని. ఆమె బదులు పలుకలేదు. ఆ మౌనమే నాచేత ఈ చరిత్రను చదివించినది.

ప్రష్యా రాజ్యమున 1891లో మీకెల్ అను మంత్రి నూతనమైన ఆదాయపు పన్నును నెలకొల్పెను. ఏటికి 900 మార్కులకు లోపడిన ఆదాయమునకు పన్ను లేదు. ఎంతటి ధనికునకైనను నూటికి 4 మార్కులకు మించదు. నాడు భార్య ఆదాయమును భర్త ఆదాయమున కలిపి లెక్కించెడివారు. పన్ను స్వల్పమగుటచే ఆ కలయిక ఎవరికిని బరువు కాలేదు. మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట, 1920లో, ఎర్‌ట్స్‌బెర్గర్ పూనికతో జర్మనీ దేశమంతటికిని ఒకే పన్ను ఏర్పడెను. పై మెట్టు నూటికి 60 వరకు పెరిగెను. కూలి చేతికి రాకమునుపే యజమాని పన్ను కోసి కట్టు పద్ధతియు ఆ యేటనే వచ్చినది.

పన్ను మెట్లు నిటారుగా పెరిగిన కొలది కలయిక భారమయ్యెను. ఇద్దఱు వేఱువేఱుగా నిలిచిన క్రింది మెట్లమీదనే యుందురు. ఒకరి భుజముపై నొకరిని నిలిపినచో తల పై మెట్టును తాకును. 1934 నాటి శాసనము దంపతుల ఆదాయములను కలిపివేసెను. 1941లో యుద్ధపు కర్మాగారములకు స్త్రీలు కావలసిరి. అంతట భార్య కూలిని వేఱుచేసిరి. అవసరమును బట్టి గృహిణిని ఇంటికి పంపుటకును, పనికి పిలుచుటకును పన్ను సాధనమయ్యెనని దీనివలన తెలియును.

1957 జనవరి 17న కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానము గొప్ప తీర్పు చెప్పెను. వివాహమును రక్షింతునని రాజ్యాంగము మాట యిచ్చినది గనుక, పెండ్లియాడిన కారణమున పన్ను పెంచుట చెల్లదనెను. భార్యను ఉద్యోగము మాన్పించి ఇంటికి మరల్చు ఉద్దేశమును సైతము త్రోసిపుచ్చెను. మరుసటి సంవత్సరము, 1958లో, క్రొత్త లెక్క పుట్టెను. భర్తకు 60,000, భార్యకు 20,000 ఉన్నచో మొత్తము 80,000. దానిని సగము చేసి, 40,000కు పన్ను కట్టి, ఆ పన్నును రెట్టింపు చేయుదురు. ఇరువురి ఆదాయములు సమానమైన లాభము లేదు. వ్యత్యాసము పెరిగిన కొలది లాభము పెరుగును.

ఈ లెక్క ఏటికొకసారి తేలునది. నెలనెలా కోయుటకై తరగతులు కలవు. దంపతులు ఇరువురును నాలుగవ తరగతిలో నుండవచ్చును. లేదా ఒకరు మూడవ, ఒకరు అయిదవ తరగతి పుచ్చుకొనవచ్చును. పన్ను లేని ప్రాథమిక భాగము ఇరువురిదియు మూడవ తరగతి వారికే చేరును. అయిదవ తరగతి వారికి శూన్యము. 2010 నుండి నాలుగవ తరగతిలోనే, ఉమ్మడి లెక్క లాభమును వారి వారి పాళ్ల ప్రకారము పంచు పద్ధతియు కలదు. 2020కి పూర్వము తరగతిని సాధారణముగా ఏటికొకమారే మార్చుకొనవలసి యుండెను. ఇప్పుడు పలుమారులు మార్చుకొనవచ్చును.

ఏ తరగతి యైనను ఏడాది చివర దంపతుల మొత్తము పన్ను ఒకటే. అట్లయిన నా ప్రశ్న సరియైనదే కదా? కాదు. ప్రసవానంతరము తల్లికి ప్రభుత్వమిచ్చు భృతిని, ఉద్యోగము పోయినచో దొరకు భృతిని, కోత పిమ్మట మిగిలిన జీతమును బట్టి కట్టుదురు. అయిదవ తరగతిలో మిగులునది తక్కువ. కావున భృతియు తక్కువ. ఏడాది చివర పన్ను సరిచేసినను భృతిని సరిచేయరు. తల్లి తన ప్రసూతి విశ్రాంతి మొదలగు నెలకు ముందు ఏడు నిండు నెలలైనను మంచి తరగతిలో నుండినగాని ఆ ఫలము దక్కదు.

2024లో జర్మన్ ప్రభుత్వము మూడు, అయిదు తరగతులను తొలగింపదలచెను గాని, ఆ యేటి చివర వచ్చిన శాసనమున ఆ మార్పు చేరలేదు.

మన దేశమున భార్యాభర్తలు పన్నునకు వేఱువేఱు వ్యక్తులు. ఉమ్మడి హిందూ కుటుంబము మాత్రము ఒక్క కర్తగా నిలుచును. అందుచే ఈ చిక్కు మనకు తెలియదు. కాని మన బిడ్డలు అనేకులు ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. నా మనుమరాలు ఇటీవల భర్తతో ఆలోచించి, ఇరువురును నాలుగవ తరగతికి మాఱిరని వ్రాసినది. సొమ్ము ఏ చేతిలో పడిన నేమి యని నేనాడిన మాటను వెనుకకు తీసికొనుచున్నాను. మీ యింటి బిడ్డలు అచ్చటనున్నచో, కోడలిది ఏ తరగతి యని ఒకమారు అడుగుడు.