చిత్ర సంపీడనం

వీలైనంతవరకు కంటికి తేడా తెలియకుండా డిజిటల్ ఫొటో ఫైలు పరిమాణాన్ని తగ్గించే గణిత ప్రక్రియ చిత్ర సంపీడనం. దీనిలో విరివిగా వాడే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌ను (డీసీటీ) నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో ప్రకటించారు. రామమోహనరావు (మరణం 2021) ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. 1992 నాటి జేపెగ్ ప్రమాణం డీసీటీ మీదే నిలిచింది.

జేపెగ్ ముందుగా వెలుగును, రంగును విడదీస్తుంది. కన్ను అంతగా పట్టించుకోని రంగు వివరాలను కుదించి, బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 విలువలు డీసీటీతో 64 గుణకాలవుతాయి. నున్నని చెంప, ఖాళీ ఆకాశం ఉన్నచోట మొదటి కొన్ని గుణకాలే లెక్కకొస్తాయి; మిగిలినవి విలువలను గుండ్రం చేసే క్వాంటైజేషన్‌లో సున్నాలవుతాయి. నాణ్యత పోయేది ప్రధానంగా ఇక్కడే. సంపీడనం మోతాదు మించితే గళ్ల అంచులు బయటపడతాయి. స్కాన్ చేసిన తెలుగు పత్రంలో ఒత్తులు, తలకట్ల చుట్టూ మరకలు చేరతాయి. అటువంటి వాటికి నష్టంలేని పీఎన్‌జీ మేలు.

కొల్లిపర వంటి మండల కేంద్రాల నుంచి ఆన్‌లైన్ దరఖాస్తులు పంపేవారికి ఈ ప్రక్రియ నిత్యావసరం. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలకు అడిగే ఫొటో 200×230 పిక్సెళ్లు, 20–50 కేబీ. సంపీడనం లేకుండా అదే ఫొటో దాదాపు 135 కేబీ ఉంటుంది. కాబట్టి కొలతలు తగ్గించడంతోపాటు సంపీడనమూ కావాలి; ముందు కొలతలు తగ్గించి, తర్వాత నాణ్యత తగ్గించడం సరైన క్రమం. జేపెగ్‌ను సవరించి మళ్లీమళ్లీ భద్రపరిస్తే నష్టం పేరుకుంటుంది.