వడ్ల తేమ అడిగిన బిడ్డ

బస్సు గోదావరి వంతెన మీదికి ఎక్కుతుంది. ముందు సీట్లోని ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కిటికీలోంచి నీళ్లలోకి విసిరి, చేతులు జోడిస్తుంది. కార్తీకమాసం, పైగా ఆదివారం. బస్సు నిండా బాసర పోయేవాళ్లే. స్నానాలకు కొందరు, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి కొందరు. పక్క సీట్లో ఒక చిన్నోడు కొత్త పలక పట్టుకుని అప్పుడే బలపం నోట్లో పెట్టుకున్నాడు.

నా భార్య మాత్రం నది వైపు చూడటం లేదు. ఒళ్లో ఉన్న టిఫిన్ క్యారియర్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మెట్‌పల్లిలో బస్సెక్కినప్పటి నుంచి అది ఆమె ఒళ్లోనే ఉంది. ఆర్మూరు దాటాం, నిజామాబాద్‌లో బస్సు మారాం, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. దారి పొడుగునా రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి ఉన్నాయి. మావీ కల్లంలోనే ఉన్నాయి. మబ్బు పడితే పరదా కప్పమని తమ్ముడికి అప్పజెప్పి బయలుదేరాం.

మా బిడ్డ చదివే బాసర ట్రిపుల్ ఐటీ గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, ఊరు, బిడ్డ ఐడీ నంబరు రాస్తాను. నా వెనుక వరుసలో నాలాంటివాళ్లే. తలపాగా తీసి చంకలో పెట్టుకున్న పెద్దాయన, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, స్టీలు డబ్బా పట్టుకుని ఒంటరిగా వచ్చిన తాత. ఎవరి చేతి సంచి చూసినా లోపల తిండే.

ఇంజినీరింగ్ కాలేజీ అంటే మీసాలొచ్చిన పిల్లలు గుర్తొస్తారు. ఇక్కడికి మాత్రం పదో తరగతి అయిపోగానే వస్తారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు ఇంజినీరింగ్, మొత్తం ఆరేళ్లు ఇదే ఆవరణ. పల్లెల్లో బాగా చదివే పిల్లల కోసం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒకేసారి మొదలైంది ఈ చదువు. పదో తరగతి ఫలితాన్ని బట్టి సీటు. సర్కారు బడి పిల్లలకు అందులో కొంత మొగ్గు ఉంటుంది. ఏటా 1,500 మంది దాకా ఇక్కడ చేరుతారు. ఇది మంచి ఆలోచన అని నేను గట్టిగా నమ్ముతాను. కోచింగ్ మొహం ఎరగని బిడ్డకు ఇంజినీరింగ్ తలుపు తెరుచుకునే దారి మా వైపు ఇంకొకటి లేదు. అయినా పదిహేనేళ్లంటే చిన్న వయసే. ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. రెండింటినీ మోసుకునే గేటు లోపలికి నడుస్తున్నాం.

చెట్ల కింద చాపలు, దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఒక్కో చెట్టు కింద ఒక్కో ఇల్లు. అల్లంత దూరంలో బిడ్డ కనిపిస్తుంది. పరుగెత్తడం లేదు, ఎవరితోనో మాట్లాడుతూ మామూలుగా నడిచి వస్తోంది. దగ్గరికి రాగానే నా చేతిలోని సంచి తను అందుకుంటుంది.

"ఇటు రాండ్రి, అటు ఇంక గడియ అయితే ఎండొస్తది."

ఏ చెట్టు నీడ ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు.

తల్లి కళ్లు మొదట జడ మీదికే పోతాయి. పదో తరగతి పరీక్షల దాకా రోజూ పొద్దున తానే వేసిన జడ అది. "ఎవరేసిండ్రే?"

"ఒకల ఎనక ఒకలం కూసోని ఏసుకుంటమమ్మా, రూములున్నోళ్లమంతా. నాకు ఆమె ఏస్తది, ఆమెకు నేనేస్త." వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుంది. దూరంగా నిలబడ్డ పిల్ల మొహమాటపడుతూ వస్తుంది. భద్రాచలం అవతలి ఊరట. వాళ్ల నాన్న వచ్చి పోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది, అందుకే ఎక్కువగా రాడు.

క్యారియర్ విప్పుతారు. సర్వపిండి, పప్పు, కొత్త చింతకాయ తొక్కు, పెరుగన్నం. బిడ్డ మొదటి ముక్క ఆ పిల్ల ప్లేటులో పెట్టి, "తిను, సిగ్గుపడకు, మా అమ్మనే" అంటుంది. నా భార్య కారం తక్కువైందేమోనని అడుగుతుంది. ఇద్దరూ నోటి నిండా పెట్టుకుని తలలూపుతారు.

నేను బిడ్డ ఫిజిక్స్ నోట్‌బుక్ తిరగేస్తాను. 2022లో సర్కారు బళ్లకు ఇంగ్లిష్ మీడియం వచ్చినప్పుడు తను ఎనిమిదిలో ఉంది. ఏడు దాకా చదివిందంతా తెలుగులోనే. నోట్‌బుక్ మొదటి పేజీల్లో ప్రతి వాక్యం మీదా పెన్సిల్‌తో సన్నగా తెలుగు అర్థాలు రాసుకుంది. ఒక పేజీలో అవి వరసలకు వరసలే ఉన్నాయి, కాగితం కూడా కొంచెం ఉబ్బి ఉంది, తడిసి ఆరినట్టు. ముందుకు పోయేకొద్దీ పెన్సిల్ గీతలు పల్చబడతాయి. దసరా తర్వాతి పాఠాల్లో పేజీకి ఒకటో రెండో.

ఆ ఉబ్బిన పేజీ రాసిన రోజులు నాకు బాగా గుర్తు. ఫోనెత్తగానే ఏడుపు. "నన్ను తీసుకపోరి బాపూ." తల్లి ఫోను నాకిచ్చి అవతలికి పోయేది. ఆ రోజుల్లో తన సంగతి తప్ప ఇంకో సంగతి బిడ్డ నోట వచ్చేది కాదు. వచ్చేంత చోటు లేదు లోపల.

బిడ్డ చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంటుంది.

"బాపూ, వడ్లు ఎండినయా? తేమ ఎంతొచ్చింది?"

"నిన్న చూస్తే పంతొమ్మిది."

"పదిహేడు దాటితే కాంటా పెట్టరు కద. ఇంక రెండొద్దులు మంచిగ ఎండాలె. సన్నాలే కద ఏసింది, క్వింటాలుకు అయిదు వందల బోనస్ వస్తది, తొందరపడి బయట అమ్మకు."

నేను జవాబు చెప్పడం ఆలస్యమవుతుంది. ఆమె అడిగిన ప్రశ్న అంత మామూలుది, నాకు మాత్రం అంత పెద్దది. బిడ్డ ఇక్కడ కుదురుకుందా లేదా అని ఇన్నాళ్లూ బరువు చూశాను, మొహం చూశాను, మార్కులు అడిగాను. వాటిలో దేనివల్లా తేలనిది ఈ తేమ లెక్కతో తేలింది. తన బాధ తగ్గి, మా కల్లం గురించి ఆలోచించేంత జాగా ఆమె లోపల దొరికింది. కాలేజీలో నిలదొక్కుకోవడం అంటే ఇంటిని మరిచిపోవడమేమో అని నా భార్య భయపడేది. ఇక్కడ జరిగింది అది కాదు. ఏడుస్తున్నన్నాళ్లూ ఇల్లంటే ఆమెకు పారిపోయి చేరుకోవాల్సిన చోటు. ఇప్పుడది తాను పట్టించుకోవాల్సిన చోటు.

మైకులో ఏదో అనౌన్స్ చేస్తారు. చాపలు చుట్టడం మొదలవుతుంది. బిడ్డ నోట్‌బుక్ చివరి పేజీ చింపి నా ముందు పెడుతుంది, పెన్ను కూడా.

"సంక్రాంతికి తోలుకపోనీకి రాకు బాపూ. మన దిక్కోళ్లం ఎనిమిది మందిమున్నం, కలిసి బస్సుల వస్తం. ఆడపిల్లలకు జీరో టికెట్టే కద, ఆధార్ చూపెడితె సరిపోతది. కేర్‌టేకర్ మేడంకు నీ లెటర్ ఇయ్యాలె. పంపుతరో లేదో వాళ్లిష్టం, ముందు నువ్వు రాయి."

తల్లి "ఎనిమిది మందా, పేర్లు చెప్పు" అంటుంది. బిడ్డ ఒక్కొక్క పేరు, ఒక్కొక్క ఊరు చెబుతుంది. కోరుట్ల, రాయికల్, మల్యాల... తల్లి వేళ్లు మడుస్తూ వింటుంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, రాయమన్నట్టు గడ్డం కదుపుతుంది.

మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తాను. నా కూతురు తోటి విద్యార్థినులతో కలిసి ఇంటికి రావడానికి నాకు సమ్మతమే అని, కింద సంతకం, ఫోన్ నంబరు. బిడ్డ తీసుకుని పైనుంచి కిందికి చదువుతుంది.

"తారీకు ఏయలేదు."

వేసి ఇస్తాను.