ప్రాథమిక పాఠశాల – తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు : రెండు వందల ఏళ్ళ ముచ్చట

పవిత్ర ఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన ఆదేశం చదువమన్నదే. ఈ మాట మన సభల్లో ప్రతి ఏటా వింటూనే వున్నాం. చదువమన్నారు, సరే. చదివించే బడిని నడిపేదెవరు? పంతులు గారికి జీతం ఎవరివ్వాలి? కప్పు కారితే ఎవరు నేయించాలి? పిల్లవాడికి ఏ భాషలో పాఠం చెప్పాలో ఎవరు తేల్చాలి? ఇవన్నీ చిన్న ప్రశ్నలుగా కనబడతాయి గాని, ఒక సమాజం ముందుకు పోవటం, వెనుకబడటం వీటి మీదనే ఆధారపడి వున్నది. ఈ ప్రశ్నలకు మన ప్రాంతంలో ఏయే కాలాల్లో ఏయే జవాబులు దొరికాయో సొసైటీ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు క్లుప్తంగా పెట్టాలని ఈ వ్యాసం తలపెట్టాము.

అరుగు బడి, మక్తబు

పాత రోజుల్లో బడి అంటే సర్కారుది కాదు. ఊళ్ళో ఒక అరుగు మీదనో, మసీదు పక్క సాయబాన్‌లోనో పదిమంది పిల్లలు కూర్చుంటే అదే బడి. పంతులు గారికైనా, మౌల్వీ సాహెబుకైనా జీతం ఇచ్చేది తల్లిదండ్రులే. కొందరు డబ్బిచ్చేవారు, కొందరు గింజలు కొలిచేవారు. పిల్లవాడి బిస్మిల్లా నాడు ఉస్తాదుకు బట్టలు పెట్టి మర్యాద చేయటం మన ఇళ్ళల్లో ఆనవాయితీ. హిందూ సోదరుల ఇళ్ళల్లో అక్షరాభ్యాసం నాడు పంతులు గారికి జరిగేదీ ఇదే మర్యాద.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడులన్నిటినీ లెక్కపెట్టమని కలెక్టర్లకు ఉత్తర్వులిచ్చాడు. ఆ లెక్కలన్నీ చేరిన తర్వాత 1826లో ఆయన రాసిన ప్రకారం, ఒక కోటి 28 లక్షల పైచిలుకు జనాభాకు 12,498 బడులున్నాయి. చదివే పిల్లలు లక్షా 88 వేల పైన.

ఇందులో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మనం ప్రత్యేకంగా చూడదగినది. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే వుండేది. జిల్లాలో 533 బడులు. కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, అరవం నాలుగు, ఇంగ్లీషు ఒక్కటే ఒక్కటి. పిల్లలు 6,641 మంది. వారిలో మన పిల్లలు 243 మంది, అంటే నూటికి నలుగురు కూడా లేరన్నమాట. మొత్తం ఆడపిల్లలు 60 మంది, అందులో ముస్లిం బాలిక ఒక్కతీ లేదు. ఇంట్లో అమ్మమ్మల దగ్గర ఖుర్ఆన్ చదువుకున్న బాలికలు ఈ లెక్కలోకి రాలేదని సమాధానం చెప్పుకోవచ్చు. కాని బడి గడప తొక్కిన బాలిక ఒక్కతీ లేదన్నది మాత్రం నిజమే కదా!

బడులు ఎందుకు తగ్గిపోతున్నాయో కూడా క్యాంప్‌బెల్ రాశాడు. సీమగుడ్డ వచ్చి నేతపనివారి పొట్ట కొట్టింది. జనం బీదవారైపోయారు, పంతులుకు ఇవ్వటానికి చేతిలో పైసా లేదు. తల్లిదండ్రులే నడిపిన బడికి వున్న బలమూ, బలహీనతా రెండూ ఇక్కడే కనబడుతున్నాయి. జీతమిచ్చేది తామే గనుక పంతులు చెప్పకపోతే నిలదీసి అడిగే హక్కు తల్లిదండ్రులకు వుండేది. ఇచ్చుకోలేని వాడి బిడ్డకు మాత్రం ఆ బడిలో చోటే లేదు.

శిస్తు మీద చదువు పన్ను

1854లో ఉడ్ దొర తాఖీదు వచ్చింది. ప్రజలు తామై బడి పెట్టి, స్థానికంగా ఒక యాజమాన్యం ఏర్పరచుకొంటే సర్కారు గ్రాంటు ఇస్తుందన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గోదావరి డెల్టాలో ఒక విశేషం జరిగింది. నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ ప్రాంతాల రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా కట్టటానికి ఒప్పుకొన్నారు. సబ్ కలెక్టరు టేలరు దానికి అండగా నిలిచాడు. ఆ ఏర్పాటుకు చట్టబద్ధత కల్పించటానికి 1863లో మద్రాసు విద్యా చట్టం చేశారు. ప్రజలు ముందు నడిస్తే చట్టం వెనక నుంచి వచ్చిందన్న సంగతి మనం గుర్తు పెట్టుకోవాలి.

మన సమాజం సంగతి వేరుగా వున్నది. 1871లో వైస్రాయి లార్డ్ మేయో ప్రభుత్వం ముస్లింల చదువు వెనుకబాటును గురించి ఒక తీర్మానం చేసింది. 1882లో హంటరు కమిషను కొన్ని సిఫార్సులు చేసింది. ముస్లిం పిల్లల చదువుకయ్యే ఖర్చు స్థానిక సంస్థల, మునిసిపాలిటీల, ప్రభుత్వ నిధుల మీద న్యాయమైన భారమే అన్నది. ప్రాథమిక బడుల్లో హిందుస్తానీలో చెప్పాలన్నది. మన ఉపాధ్యాయుల శిక్షణకు నార్మల్ స్కూళ్ళు పెట్టాలన్నది. 1884లో మద్రాసు రాజధానిలో లోకల్ బోర్డులకు, మునిసిపాలిటీలకు కొత్త చట్టాలు వచ్చాయి. 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చి జిల్లా విద్యా కౌన్సిళ్ళు ఏర్పడ్డాయి. మన పట్టణాల్లో ‘మునిసిపల్ ఉర్దూ ఎలిమెంటరీ స్కూలు’ అన్న బోర్డు కనబడుతోందంటే దాని వెనుక ఈ చరిత్ర అంతా వున్నది. సర్కారు దయతలచి ఊరికే ఇచ్చిన బడి కాదది.

భాష తగువు

అటు నిజాం రాజ్యంలో కథ తలక్రిందులు. అక్కడ ఉర్దూ రాజభాష, బడి భాష కూడా అదే. జనంలో ఎక్కువమంది తెలుగువారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయ్యేసరికి తెలుగు పిల్లలు వెనుకబడ్డారు. అందువల్లనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకొన్నారు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు చెప్పమని వారు అడిగినది న్యాయమైన కోరికే. 1956లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత అదే ప్రశ్న ఉర్దూ మాట్లాడే ఇళ్ళకు వచ్చింది. ఆ ఏడాదే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించటానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలన్నది దాని భావం. ఆనాడు తెలుగు పిల్లవాడికి ఏది న్యాయమో, తర్వాత ఉర్దూ పిల్లవాడికీ అదే న్యాయం.

అలాగని మన పిల్లలందరి ఇంటి భాష ఉర్దూ కాదు. దూదేకుల సోదరుల ఇళ్ళల్లో, ఎన్నో పల్లెల్లో తెలుగే తల్లి భాష. ఏ మీడియం అయినా, ఆ బడి వ్యవహారంలో తల్లిదండ్రుల మాటకు విలువ వున్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

సమితి బడి నుంచి కమిటీ దాకా

1959లో పంచాయతీ సమితులు ఏర్పడి ప్రాథమిక బడులు వాటి చేతిలోకి వచ్చాయి. బడి ప్రజలకు దగ్గరైందనుకొన్నారు. కొన్ని మేళ్ళు జరిగిన మాట వాస్తవమే. అయితే దగ్గరైంది ఎన్నికైన నాయకుడికేగాని, పలకా బలపం కొనిచ్చే తండ్రికి కాదు. పంతులు గారి బదిలీ సమితి ఆఫీసులో తేలేది. పాఠం సరిగా సాగుతోందా అని అడగటానికి తల్లికి ఒక కుర్చీ అంటూ లేదు. 1980ల చివర సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చినా ఆ కుర్చీ మాత్రం రాలేదు.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత గ్రామ విద్యా కమిటీల మాట గట్టిగా వినబడింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. ఓట్లు వేసి ఎన్నుకొనేది బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులే, కమిటీకి ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. అంతదాకా బడి గేటు దగ్గరే ఆగిపోయిన తల్లి ఆనాడు లోపలికి వచ్చి చాప మీద కూర్చుని లెక్క అడగగలిగింది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చాక, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బడిలోనే వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. అన్నం ఉడికిందా, పప్పులో నీళ్ళెక్కువయ్యాయా అన్నది చూడటానికి తల్లుల కన్న మంచి ఇన్‌స్పెక్టరు ఎవరుంటారు?

2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని 21వ సెక్షను ప్రకారం ప్రతి సర్కారు బడికి, ఎయిడెడ్ బడికి యాజమాన్య కమిటీ వుండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది స్త్రీలు. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయటం, వచ్చిన గ్రాంటు ఎటు పోయిందో గమనించటం వీరి పని. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకొంటారు. 2024 ఆగస్టు 8న ఈ ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాదే డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెట్టారు. తెలంగాణలో 2024లోనే మహిళా సంఘాలను ముందుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటు చేశారు.

మన యాజమాన్యంలోని బడుల మాట

ఇక్కడ ఒక మెలిక వున్నది. మునిసిపాలిటీ, మండల పరిషత్తు నడిపే ఉర్దూ బడులు సర్కారు బడులే గనుక పైన చెప్పిన కమిటీ హక్కులన్నీ వాటిలో మనకున్నాయి. కాని మన సంస్థలే రాజ్యాంగం 30వ అధికరణం కింద నడుపుకొనే బడుల సంగతి వేరు. 2012 సవరణతో అటువంటి ఎయిడెడ్ బడుల్లో కమిటీ సలహాలివ్వటం వరకే పరిమితమైంది. 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అల్పసంఖ్యాకుల బడులకు విద్యాహక్కు చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. 2025లో అదే కోర్టులోని మరొక ధర్మాసనం ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చింది.

కోర్టుల సంగతి కోర్టులు చూసుకొంటాయి. మనం ఆలోచించవలసింది ఒక్కటే. పరాయివారి జోక్యం వద్దని రాజ్యాంగం మనకు ఒక హక్కు ఇచ్చింది. ఆ హక్కును అడ్డం పెట్టుకొని మన బిడ్డల తల్లులనే కమిటీకి దూరంగా వుంచితే అది హక్కును కాపాడుకోవటం అవుతుందా? షూరా, అంటే నలుగురూ కలిసి ఆలోచించుకోవటం, మన దీన్ నేర్పిన పద్ధతి. ఆ పనిని చట్టం బలవంతం చేస్తేనే చేస్తామనటం మనకు శోభించదు.

ఉపాధ్యాయుల పక్షం

పంతుళ్ళ పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. కమిటీ అంటే తమ మీద కాపలా అని కొందరు ఉపాధ్యాయులు బెదురుతారు. హాజరుపట్టీ పట్టుకొని సంజాయిషీ అడిగేవారే కనబడుతుంటే వారు మాత్రం ఏం చేస్తారు? ఇటు చూస్తే, తీర్మానాల పుస్తకం ఇంటికి పంపించి సంతకం చేయించుకొనే అలవాటూ కొన్నిచోట్ల వున్నది. ఈ రెండూ మంచివి కావు. పాఠం ఎట్లా చెప్పాలన్నది ఉపాధ్యాయుడికి తెలిసిన విద్య, అందులో మనం వేలు పెట్టకూడదు. పిల్లవాడు బడికి ఎందుకు రావటం లేదో, ఇంట్లో దీపం వున్నదో లేదో, తండ్రి మెకానిక్ షెడ్డులో సాయానికి పెట్టుకొన్నాడేమో, ఇవి తల్లిదండ్రులకు తెలిసినవి. ఈ రెండు తెలివిడులూ ఒక్కచోట కూర్చున్ననాడే బడి బాగుపడుతుంది.

ఉర్దూ టీచరు పోస్టు ఖాళీ పడితే ఒక్క ఉపాధ్యాయుడు రాసిన అర్జీకి, కమిటీ తీర్మానం చేసి పంపిన అర్జీకి తేడా వుంటుంది. పిల్లల సంఖ్య తగ్గిన బడిని పక్క బడిలో కలిపేస్తామన్నప్పుడు కూడా అంతే. హాజరు నిలబెట్టగలిగితే బడి నిలబడుతుంది. మాట్లాడేవారే లేకపోతే ఒక ఉత్తర్వుతో బోర్డు దిగిపోతుంది. ఒకసారి దిగిన బోర్డును తిరిగి ఎక్కించటం ఎంత కష్టమో పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

మా మనవి

సొసైటీ పక్షాన సభ్యులందరికీ మేము చేసుకొనే మనవి ఇది. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నా కమిటీ ఎన్నిక రోజున తప్పక వెళ్ళండి. పండ్ల బండి ఒక పూట ఆపినా ఫరవాలేదు. ఇంట్లో ఆడవారిని పంపండి, సగం స్థానాలు వారివే. బీడీలు చుట్టే తల్లులు, మిషను కుట్టే తల్లులు రాగలిగే వేళకు మీటింగు పెట్టమని హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడగండి. శుక్రవారం జుమా వేళ పెట్టవద్దని ముందే చెప్పుకోండి. తీర్మానాలు ఉర్దూలోనూ, తెలుగులోనూ చదివి వినిపించమనండి. తెలియని కాగితం మీద వేలిముద్ర వేయవద్దు. మసీదు కమిటీ పెద్దలు జూన్ నెలలో జుమా తర్వాత బడి చేరికల సంగతి రెండు మాటలు చెబితే ఎంతో మేలు. మన సంస్థలు నడిపే బడుల్లో కరస్పాండెంట్లు తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు కమిటీలో చోటిచ్చి, ఏడాదికొకసారి జమాఖర్చులు అందరి ముందూ చదివించాలని కోరుతున్నాము.

రెండు వందల ఏళ్ళ నాడు మన తాతలు గింజలు కొలిచి బడి నడిపారు. ఈనాడు జీతం సర్కారిస్తోంది, అన్నం సర్కారు పెడుతోంది, పుస్తకాలు కూడా ఇస్తోంది. మననుంచి కోరుతున్నది నెలకో రెండు నెలలకో ఒక గంట కాలం మాత్రమే. ఆనాటి 243 మంది లెక్కలో మన ఆడపిల్ల లేదు. ఈనాటి లెక్కలో ఆ పిల్ల వున్నది, ఆ పిల్ల తల్లికి కమిటీలో కుర్చీ కూడా వున్నది. ఆ కుర్చీ ఖాళీగా వుండకుండా చూసుకొనే బుద్ధిని, తౌఫీఖును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.