యుద్ధ స్మృతి, క్రిస్మస్ ప్రకటన: కన్నీటి కథలో చోటు దొరకనివారు

ప్రస్తావన

చరిత్రలోని దుఃఖాన్ని సరుకు అమ్మడానికి వాడుకోవచ్చా? వాడుకుంటే ఏ షరతుల మీద? 2014 నవంబరులో బ్రిటన్‌లోని సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ విడుదల చేసిన క్రిస్మస్ ప్రకటన ఈ ప్రశ్నను బలంగా ముందుకు తెచ్చింది. ఆ ప్రకటనను మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 నాటి క్రిస్మస్ విరామ చరిత్ర పక్కన పెట్టి చదవడం, అందులోంచి తేలిన కొలమానంతో మన మెదక్ చర్చి కథను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రకటన మనల్ని ఏడిపించడం తప్పు కాదు. ఆ దుఃఖానికి కారణాన్నీ, దాన్ని మోసిన మనుషులనూ తీసేసి ఏడిపించడం తప్పు. ఇదే నా వాదన.

ప్రకటన చూపింది, చూపనిది

మూడు నిమిషాలు దాటిన ఆ చిత్రంలో రాత్రి కందకాల్లో క్రిస్మస్ పాట మొదలవుతుంది. అటు జర్మన్లు, ఇటు బ్రిటిష్ సైనికులు గొంతు కలుపుతారు. తెల్లవారాక ఒక యువకుడు చేతులెత్తి బయటికొస్తాడు. శత్రువులు కరచాలనం చేసుకుని ఫుట్‌బాల్ ఆడతారు. మళ్లీ ఫిరంగులు మోగి ఎవరి కందకానికి వాళ్లు చేరాక, బ్రిటిష్ సైనికుడు రహస్యంగా ఇచ్చిన చాక్లెట్ జర్మన్ సైనికుడి కోటు జేబులో కనిపిస్తుంది. అలాంటి చాక్లెట్‌నే సంస్థ ఒక పౌండుకు అమ్మి, లాభాన్ని మాజీ సైనికుల సంక్షేమానికి పనిచేసే రాయల్ బ్రిటిష్ లీజియన్‌కు ఇచ్చింది. అయినా ప్రకటనల నియంత్రణ సంస్థకు వందలాది ఫిర్యాదులు వెళ్లాయి. నియమాల ఉల్లంఘన జరగలేదని ఆ సంస్థ తేల్చింది.

నియమం మేరకు అది సరే. చరిత్ర మేరకు లోటు మిగిలింది. 1914 డిసెంబరు 24, 25 తేదీల్లో చాలాచోట్ల తుపాకులు ఆగిన మాట నిజం. అయితే అన్నిచోట్లా ఆగలేదు. ఆగినచోట సైనికులు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, రెండు కందకాల మధ్య పడివున్న తమవాళ్ల శవాలను పూడ్చిపెట్టడం. ప్రకటనలో బంతి ఉంది, శవాలు లేవు. ఇలాంటి స్నేహాలు మళ్లీ జరగకూడదని పై అధికారులు తర్వాత ఇచ్చిన ఆదేశాలూ లేవు. యుద్ధాన్ని నడిపించినవాళ్లు కనపడకపోతే, అది ఎవరూ తలపెట్టకుండానే వచ్చిపడిన ప్రకృతి వైపరీత్యంలా తోస్తుంది.

భారతీయ సిపాయిల క్రిస్మస్

లోపించినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మీరట్, లాహోర్ డివిజన్ల భారతీయ సిపాయిలు ఆ చలికాలం ఫ్రాన్స్ కందకాల్లోనే ఉన్నారు. క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందే జివాంషీ దగ్గర భారీగా నష్టపోయారు. 39వ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు ఆ క్రిస్మస్ విరామంలో జర్మన్లను కలుసుకున్నారు కూడా.

యుద్ధాన్నీ క్రిస్మస్‌నూ కలిపి జనం మనసు కరిగించే పని ఆ ఏడాదే మొదలైంది. రాకుమారి మేరీ పేరిట పత్రికల్లో విరాళాల విజ్ఞప్తి వెలువడి, 1,62,000 పౌండ్లకు పైగా వసూలైంది. ఆ డబ్బుతో ఇత్తడి పెట్టెలు చేయించి సైనికులకు పంచారు. బ్రిటిష్ సైనికుడి పెట్టెతో పొగాకు, సిగరెట్లు వెళ్తే, సిక్కు సిపాయికి పటికబెల్లం, మసాలా దినుసులు వెళ్లాయి. నూరేళ్ల తర్వాతి ప్రకటన చాక్లెట్‌ను గుర్తుపెట్టుకుంది, మసాలా దినుసులను మరిచిపోయింది.

ఆ యుద్ధం తెలంగాణకూ దూరం కాదు. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాల్లో పనిచేశారు. నిజాం ఇచ్చిన విమానాల కారణంగా బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతో ప్రసిద్ధమైంది. నిజాం రాజ్యపు దానధర్మాల గురించి రాసేటప్పుడు శిస్తు కట్టిన రైతును లెక్కలోకి తీసుకోవాలి.

మెదక్: కొలమానానికి పరీక్ష

ఇదే కొలమానాన్ని తెలంగాణలోని మెదక్ చర్చి కథకు పెట్టి చూద్దాం. ఆ కట్టడం మొదలైందీ 1914లోనే. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువుకాలంలో ఆకలితో ఉన్న జనానికి పనిచూపి, తిండిపెట్టి దాన్ని కట్టించారు. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, అది ప్రార్థనలకు తెరుచుకుంది. ఇంత హృద్యమైన కథను రేపు ఏ బట్టల దుకాణమో, ఏ ప్రభుత్వ శాఖో క్రిస్మస్ ప్రకటనగా మలిస్తే మనం మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటిది కారణం. 175 అడుగుల గోపురాన్నీ దీపాలనూ చూపి వదిలేస్తారా, కరువును కూడా చెబుతారా? రెండోది మనుషులు. పోస్నెట్ పేరు చెబుతాం, మంచిదే. గుప్పెడు గింజల కోసం రాళ్లు మోసిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఆ కథలో ఉన్నారా? మూడోది ఫలితం. కదిలిన మనసు కొనుగోలుతో ఆగుతుందా, బాధితులకు ఏమైనా చేరుతుందా? సెయిన్స్‌బరీస్ ప్రకటన మూడో ప్రశ్నకు కొంత నిజాయితీగా జవాబిచ్చింది. మొదటి రెండింటి దగ్గర తప్పింది.

ముగింపు

భావోద్వేగాన్ని చరిత్రకు శత్రువుగా చూడనక్కర్లేదు. పాఠ్యపుస్తకం చేరని ఇళ్లకు 1914 క్రిస్మస్‌ను చేర్చింది ఆ ప్రకటనే. కానీ ఒక తరం గతాన్ని ప్రకటనల ద్వారానే తెలుసుకుంటే, వాటిలో లేనివాళ్లు గతంలోనూ లేరనే అనుకుంటుంది. అందుకే ఉమ్మడి నిజామాబాద్, మెదక్ ప్రాంతాల కళాశాలల చరిత్ర శాఖలు కరువు పనికి వెళ్లిన కుటుంబాల జ్ఞాపకాలను, ఆ తరం మనుమలు, మునిమనుమలు బతికుండగానే సేకరించాలి. ప్రకటన రాసేవాళ్లకు వాటిని అందుబాటులో ఉంచాలి. అప్పుడు పేర్లు వదిలేసేవాళ్లకు, తెలియక వదిలేశామని చెప్పుకునే అవకాశం ఉండదు.